సవరణ: హెడ్ ట్రాన్స్‌మిటర్‌కు 85 డిగ్రీలంటే ఎక్కడి వేడి?

'హెడ్‌లో బిగించే ట్రాన్స్‌మిటర్ సాధారణంగా 85 డిగ్రీల ఆంబియెంట్ వరకు తట్టుకుంటుంది, మన ఎండలకు భయం లేదు' అని క్రితం పోస్టులో ఉంది. హెడ్ అంటే పైపులో ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్ పై చివరన ఉండే మూత డబ్బా, ట్రాన్స్‌మిటర్ అంటే ఆ సెన్సార్ సంకేతాన్ని కంట్రోల్ రూమ్‌కు పంపే ఎలక్ట్రానిక్ పరికరం. ఆ మాటకు ఈ వివరణ కలిపి చదవండి. ఆ 85 డిగ్రీలు వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత గురించి కాదు, హెడ్ మూత లోపల ఎలక్ట్రానిక్స్ చుట్టూ ఉండే గాలి గురించి.

థర్మల్ ప్లాంటులో మెయిన్ స్టీమ్ లైన్‌నే తీసుకోండి. లోపల ఆవిరి సుమారు 540 డిగ్రీలు. థర్మోవెల్ (సెన్సార్‌కు రక్షణగా పైపులోకి దిగే లోహపు గొట్టం), దాన్ని హెడ్‌కు కలిపే మెడ గుండా ఆ వేడి హెడ్‌లోకి పాకుతుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం బయటి గాలే 45 డిగ్రీలుంటే ఇక 85కు మిగిలేది 40 డిగ్రీలే. నేరుగా ఎండ తగిలితే అదీ తగ్గుతుంది. పైగా మెడ పొట్టిగా ఉండి, ఇన్సులేషన్ వేసేవాళ్లు హెడ్‌ను కూడా రాక్‌వూల్‌తో చుట్టేస్తే ఆ వేడి బయటికి పోయే దారే ఉండదు. దయచేసి దీన్ని ఒప్పుకోకండి, హెడ్ ఇన్సులేషన్ బయటే ఉండాలి.

మెడ పొడవు పెంచినా చాలకపోతే ట్రాన్స్‌మిటర్‌ను దూరంగా, నీడలో బిగించాలి. సెన్సార్ కె టైప్ థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహపు తీగలు కలిపినది) అయితే ట్రాన్స్‌మిటర్ టెర్మినల్ దాకా కె టైప్ ఎక్స్‌టెన్షన్ కేబులే లాగాలి. మామూలు రాగి తీగ వేస్తే, హెడ్ ట్రాన్స్‌మిటర్ కన్నా ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు రీడింగ్ అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. పీటీ100 (నిరోధం మార్పుతో వేడి కొలిచే ప్లాటినం సెన్సార్) అయితే మూడు లేదా నాలుగు రాగి వైర్లు సరిపోతాయి.

పేలుడు ప్రమాదమున్న చోట 85ను నమ్ముకోవద్దు. సర్టిఫికెట్‌లో అక్కడికి కావలసిన టెంపరేచర్ క్లాసుకు (పరికరం ఉపరితలం ఎంత వరకు వేడెక్కవచ్చో చెప్పే తరగతి) రాసిన పరిమితే చూడాలి. అన్నిటికన్నా కఠినమైన క్లాసు టీ6కి అది బాగా తక్కువ ఉండొచ్చు.