రామన్ వర్ణపటంలో ప్రతి శిఖరమూ రసాయనం కాదు
లేజర్‌తో గాలిలోని బిందువును పట్టుకుంటే చాలు, అందులో ఏముందో రామన్ వర్ణపటమే (బిందువులోని అణువులు రంగు మార్చి వెదజల్లిన లేజర్ కాంతి చిత్రమే) చెప్పేస్తుందని ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. 5-10 మైక్రాన్ల గుండ్రటి బిందువులో కాంతి లోపలి అంచు వెంబడే చుట్టూ తిరిగి కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గర అనునాదం చెందుతుంది, అంటే తనతో తాను కలిసి బలపడుతుంది. అందుకే 532 నానోమీటర్ల లేజర్ వాడితే 630-660 నానోమీటర్ల మధ్య కనిపించే నీటి వెడల్పాటి గుట్ట మీద సూదుల్లాంటి శిఖరాలు లేస్తాయి. కొత్తవాళ్లు వాటిని ఏదో పదార్థం అనుకుంటారు. తేల్చుకోవడం తేలికే, తేమ కాస్త తగ్గించి చూడండి. బిందువు చిక్కేకొద్దీ సూదులు నీలం వైపు జరుగుతాయి. సల్ఫేట్ ఉంటే దాని గీత మాత్రం 980 cm⁻¹ (రామన్ గీతల స్థానాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరే కదలకుండా ఉంటుంది. అలాగని సూదులను పారేయకూడదు. భౌతిక శాస్త్రవేత్త గుస్తావ్ మీ (Mie) గుండ్రటి కణాలు కాంతిని ఎలా వెదజల్లుతాయో చెబుతూ 1908లో ఇచ్చిన సిద్ధాంతంతో వాటి స్థానాలను సరిపోలిస్తే బిందువు వ్యాసార్థం నానోమీటర్ల తేడాతో సహా తెలుస్తుంది. అసలు తంటా పట్టుకోవడంలోనే ఉంది. శుద్ధ నీటి బిందువు ఇట్టే ఆవిరైపోతుంది కాబట్టి నెబ్యులైజర్ (నీటిని తుంపరగా మార్చే పరికరం) నీళ్లలో లీటరుకు 20 గ్రాముల ఉప్పు కలపాలి, చాంబర్‌లో తేమ 80 శాతం పైన ఉంచాలి. లేజర్ చాంబర్‌లోకి వచ్చే పలుచటి గాజు పలకను, అంటే కవర్‌స్లిప్‌ను, ముందే డిటర్జెంట్ ద్రావణంలో నానబెట్టాలి. లేకపోతే రాలిన తుంపర దాని మీద పలుచటి పొరలా పరుచుకోదు, చుక్కలు చుక్కలుగా నిలుస్తుంది. దాంతో లేజర్ ఫోకస్ చెదిరి బిందువు జారిపోతుంది. తేమ 45 శాతం దాకా దిగితే ఉప్పు స్ఫటికంగా మారి గుండ్రదనం పోతుంది, దాంతోపాటే సూదులూ మాయం. మసి కలిసిన బిందువులకైతే ఈ పద్ధతి వద్దు, లేజర్‌ను పీల్చుకుని వేడెక్కి పట్టు తప్పుతాయి.