‘1947లో రూపాయికి డాలరు’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఒక రూపాయికి ఒక డాలరు’ గారి దివ్య సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమెవరమూ క్షేమంగా లేము. మీరు మాత్రం నిక్షేపంగా ఉన్నారని మొన్న ఆదివారం కళ్ళారా చూశాను. కాస్త ఒళ్ళు కూడా చేసినట్టున్నారు. ఒకప్పుడు ఫోన్లలోకి ఒక్క వాక్యంగా, ఒంటరిగా వచ్చేవారు. ఇప్పుడు వెనక జెండా, పక్కన గాంధీగారి బొమ్మ, అడుగున ‘నిజమైన భారతీయుడివైతే పదిమందికి పంపు’ అన్న హెచ్చరిక, ఇంత పరివారంతో వేంచేస్తున్నారు.

ఆ రోజు వరంగల్‌లో మా అక్కవాళ్ళింట్లో అందరం పోగయింది మీకోసం కాదండీ. మా మేనకోడలికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. బ్యాంకు అప్పు కావాలంటే తనఖా చూపించాలి. ఊరి చివర బావ ఎప్పుడో కొన్న రెండు వందల గజాల స్థలం తాకట్టు పెట్టాలా, ఏకంగా అమ్మేయాలా, లేక పిల్లను ఒక ఏడాది ఆగమనాలా? ఇదీ విషయం. ముప్పై ఏళ్ళు బ్యాంకులో చేసి రిటైరయిన మా బాబాయిని అందుకే గుంటూరు నుంచి పనిగట్టుకుని పిలిపించాం.

పిల్ల తెలివైనది. ఒక తెల్లకాగితం మీద మూడు గళ్ళు గీసి పెట్టుకుంది. మొదటి ఏడాది ఖర్చు 30,000 డాలర్లు. డాలరు 85 అయితే 25 లక్షల 50 వేలు. 90 అయితే 27 లక్షలు. 95 అయితే 28 లక్షల 50 వేలు. మూడో గడి పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం. ఆ కాగితం చేతులు మారి మారి బాబాయి దగ్గరికి చేరింది. బావ మాటవరసకు, “2025 డిసెంబరులోనే తొంభై దాటేసింది కదండీ” అన్నాడు.

అంతే. మీరు తలుపు కూడా తట్టకుండా లోపలికి వచ్చేశారు.

“అసలు స్వాతంత్ర్యం వచ్చిన రోజున రూపాయికి డాలరు వచ్చేదిరా! ఎక్కడినుంచి ఎక్కడికి దిగజార్చారో చూడండి” అన్నారు బాబాయి. అని ఊరుకున్నారా? పిల్ల లెక్కలు వేసుకున్న ఆ కాగితాన్నే తిరగేసి, వెనకవైపు పెద్ద పెద్ద అంకెలతో ‘1947: 1 = 1’ అని రాసి, ఖాతా మూసేసినట్టు కింద రెండు గీతలు కొట్టారు.

ఆ తర్వాత మీ మహిమ చెప్పనలవి కాదు. మిమ్మల్ని చేతబట్టుకుని బాబాయి నెహ్రూను, ఇందిరను ఉతికి ఆరేశారు. ఆయన చేతుల్లోంచి మిమ్మల్ని లాక్కుని బావ తమ్ముడు ఇప్పటి ప్రభుత్వాన్ని దులిపేశాడు. ఆయన అరవై ఏళ్ళంటే ఇతను పదేళ్ళన్నాడు. గొంతులు లేచాయి, పక్కింటివాళ్ళు కిటికీలోంచి తొంగి చూశారు. ఇంత జరిగినా ఇద్దరిలో ఒక్కరికీ మీ మీద అనుమానం రాలేదు. మిమ్మల్ని మించిన అఖిలపక్ష నాయకుడు ఈ దేశంలో మరొకరు లేరు.

మీ జాతకం మీకే చదివి వినిపించడం మర్యాద కాదు. అయినా తప్పడం లేదు. 1947లో రూపాయికి డాలరుతో నేరుగా చుట్టరికమే లేదు. దాన్ని కట్టేసింది బ్రిటిష్ పౌనుకు. 1927లో చేసిన చట్టం ప్రకారం రూపాయి అంటే 18 పెన్నీలు. పౌనుకు 240 పెన్నీలు. అంటే ఒక పౌను 13 రూపాయల 5 అణాల 4 పైలు (రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు). అప్పట్లో పౌనుకు 4 డాలర్ల 3 సెంట్లు. భాగించండి. డాలరు సుమారు 3 రూపాయల 5 అణాలు. రూపాయికి వచ్చేది ముప్పై సెంట్లు. తెల్లవాళ్ళు వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ మన చేతిలో పెట్టింది అదీ, ఆ ముప్పై సెంట్లు.

ఇంకో ముచ్చట. ఆ 18 పెన్నీల ధర పెట్టినప్పుడు మనవాళ్ళు పండగ చేసుకున్నారనుకుంటున్నారా? తగువు పెట్టుకున్నారు. 1926లో మన కరెన్సీ సంగతి తేల్చమని బ్రిటిష్ ప్రభుత్వం వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ 18 పెన్నీలని తేలిస్తే, అందులో సభ్యుడైన బొంబాయి వర్తకుడు పురుషోత్తందాస్ ఠాకూర్‌దాస్ 16 చాలని అసమ్మతి రాశారు. రూపాయి ఖరీదైతే మన సరుకు బయట అమ్ముడుపోదు, సీమ బట్ట ఇక్కడ చవకై మన మిల్లుల నోట మట్టి కొడుతుంది అని స్వదేశీ వర్తకుల గోడు. రూపాయి విలువ తగ్గించండి మహాప్రభో అని అడిగిందే ఆనాటి దేశభక్తులు. మీరేమో దేశభక్తి పేరు చెప్పి రూపాయిని మూడు రెట్లు పెంచుకుని తిరుగుతున్నారు.

1947 నాటి రూపాయి బిళ్ళను ఎప్పుడైనా చూశారా? ఒకవైపు ఆరో జార్జి తల, మరోవైపు పులి. వెండి కాదు, నికెలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాణేలు పోయడానికి వెండి చాలక అమెరికా దగ్గరే అప్పు తెచ్చుకున్నారు. ఆ వెండిని తిరిగి ఇచ్చేయాలి కాబట్టి బిళ్ళల్లో నికెలు మిగిలింది. డాలరుతో భుజం భుజం కలిపి నడిచిందని మీరు చెప్పే రూపాయి సంగతి ఇది.

ఇవన్నీ నేను ఆ రోజు చెప్పాను. ఫోనులో తీసి చూపించాను కూడా. “అవన్నీ ఇంగ్లీషువాళ్ళు రాసుకున్న లెక్కలురా. మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళకు డాలరు పెరిగితేనే కదా పండగ” అన్నారు బాబాయి. ఇంతలో, అప్పటిదాకా వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న బావ వాళ్ళ నాన్నగారు ఒక్క మాట అడిగారు.

“ఏ రూపాయి? హాలీదా, కల్దారా?”

ఆయనకు ఎనభై ఎనిమిదేళ్ళు. ఆగస్టు 15 నాడు వరంగల్ నిజాం రాజ్యంలో ఉంది. అక్కడ చెల్లింది హాలీ సిక్కా. బ్రిటిష్ వారి కల్దారు ఆరు కావాలంటే హాలీ రూపాయలు ఏడు ఇచ్చుకోవాలి. ఆ లెక్కన వరంగల్ బజారులో డాలరు దాదాపు 3 రూపాయల 14 అణాలు. అయ్యా, మీరు ఏ ఇంటి నట్టింట కూర్చుని గర్జించారో, ఆ ఇంట్లో ఆ రోజున మీ రూపాయే లేదు! సభ ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. గెలిచాననుకున్నాను. “అదే మరి, నిజాం వల్లే నష్టం” అన్నాడు బావ తమ్ముడు. మళ్ళీ మొదలు.

ఆ రోజు వచ్చిన మిగతా వాదనలను మీ ఖాతాలో వేయను. కృత్రిమ మేధతో ఉద్యోగాలన్నీ పోతాయని ఒకాయన తేల్చారు. పిల్ల చదవబోయేదే అది అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఉచిత బస్సు వల్లే రూపాయి పడిపోయిందని మరొకాయన. ఆయన భార్య వచ్చిందే ఉచిత బస్సులో, జీరో టికెట్ ఇంకా ఆవిడ పర్సులోనే ఉంది. కుర్రవాళ్ళు వారానికి 70 గంటలు పనిచేస్తే అంతా చక్కబడుతుందని ఇంకొకాయన సోఫాలో పడుకుని సెలవిచ్చారు. ఇవి వాదనలు. అభిప్రాయాలు ఉంటాయి, కొట్టుకుంటాం, కాఫీ తాగుతాం. మీరు అభిప్రాయం కాదు. మీరు అంకె. తప్పుడు అంకె.

పోనీ, మీరే నిజమనుకుందాం. అప్పుడు నా ఉద్యోగం ఎక్కడిది? 1998లో వాజ్‌పేయి వచ్చి ప్రారంభించిన సైబర్ టవర్స్‌లోకి ఎవరు అడుగుపెట్టేవారు? అమెరికా కంపెనీ లెక్క చాలా మోటు లెక్క. అక్కడ లక్ష డాలర్లు ఇవ్వాల్సిన పని ఇక్కడ దానిలో చిన్న ముక్కకు అవుతుంది కాబట్టి మాదాపూర్ బండల మధ్య అద్దాల మేడలు లేచాయి. రూపాయికి డాలరైతే ఇక్కడి పదిలక్షల జీతగాడు వాళ్ళకు పది లక్షల డాలర్ల మనిషి. ఎవడు పెట్టుకుంటాడు? అలాగని డాలరు పెరిగితే మాకు పండగన్న బాబాయి మాట కూడా ఉత్తదే. కంపెనీ బిల్లు వేసేది డాలర్లలో, మాకు ఇచ్చేది రూపాయల్లో. ఆ మధ్య తేడా మా జీతపు కాగితం దాకా ఎప్పుడూ నడిచి రాలేదు.

కరెన్సీ అంకె పెద్దదైతే మనిషి గొప్పవాడైపోతాడా? డాలరుకు నూటయాభై దాకా యెన్‌లు వస్తాయి, జపానువాడు తిండికి లేక ఏడుస్తున్నాడా? కువైట్ దినారు ఒక్కటికి మూడు డాలర్లకు పైనే. ఆ దినారు దేశంలోనే కడప నుంచి, కోనసీమ నుంచి వెళ్ళిన ఆడవాళ్ళు ఇళ్ళల్లో అంట్లు తోముతున్నారు. దినారు బలం వాళ్ళ చేతులకు ఏమీ అబ్బలేదు.

రూపాయి పడలేదని నేను అనడం లేదు. 1949 సెప్టెంబరులో పౌను పడితే దాని వెంట పడింది, డాలరు 4 రూపాయల 76 పైసలైంది. 1966 జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం ఒక్క దెబ్బతో 7 రూపాయల 50 పైసలు చేసింది. 1991 జులై 1న ఒక విడత, 3న మరో విడత మన పీవీ హయాములో జరిగాయి. రెండోది ఆపుదామని పీవీ మనసు మార్చుకునేసరికే రిజర్వు బ్యాంకులో సి.రంగరాజన్ పని కానిచ్చేశారు. ఆ రంగరాజనే తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చారు. ఈ ఒక్కో తేదీ మీద ఒక్కో ఆదివారం కొట్టుకోవచ్చు. ఎవరిది తప్పు, వేరే దారి ఉందా, లాభం ఎవరికి చేరింది? పసందైన తగువులు. వీటన్నిటినీ మింగేసి మీరొక్కరే త్రేన్చుతున్నారు.

మీలో పావు వంతు నిజం లేకపోలేదు. స్వాతంత్ర్యం నాటికి మనం బ్రిటన్‌కు బాకీ కాదు, బ్రిటనే మనకు బాకీ. యుద్ధానికి మన దగ్గర తీసుకున్నదంతా స్టెర్లింగ్ నిల్వలుగా, అంటే మనకు రావాల్సిన పౌన్లుగా, లండన్‌లో పేరుకుంది. అప్పు లేదు కాబట్టి సమానం అని మీరు అక్కడినుంచే అల్లుకున్నారు. అప్పు లేనివాడల్లా అమెరికాతో సమానమైతే మా వీధి చివర ఇస్త్రీ బండి అతను ఈపాటికి అధ్యక్షుడయ్యేవాడు.

ఇక మర్యాద నావల్ల కాదు. విను.

నువ్వు ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి చీకటి పడేదాకా కదల్లేదు. బాబాయి రైలు టైమైందని లేచారు. బావ తమ్ముడు చెప్పులు వేసుకుంటూ కూడా 1966 అంటూనే ఉన్నాడు. స్థలం మాట ఎవరూ ఎత్తలేదు. వడ్డీ ఎంత, వాయిదాలు కట్టనక్కర్లేని మారటోరియం ఎన్నాళ్ళు, చదివే రెండేళ్ళూ వడ్డీ అసలుకు కలుస్తుందా, సహ రుణగ్రహీతగా సంతకం ఎవరు పెట్టాలి? బాబాయికి ఇవన్నీ కంఠోపాఠం. జీవితమంతా చేసిన పని అదే. ఒక్కటి కూడా ఆయన నోట రానివ్వలేదు నువ్వు. అమెరికావాడు 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లు అన్నాడు. చదువయ్యాక అక్కడ ఉద్యోగం ఇచ్చేవాడు ఆ భారం మోస్తాడా, ఇరవై ఏడు లక్షలు తీర్చేదెట్లా అని మా అక్క రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. ఆవిడ అడగాలనుకున్నది అదొక్కటే. వంటింటి గుమ్మం దాకా రెండుసార్లు వచ్చి, అరుపులు విని వెనక్కి వెళ్ళిపోయింది.

దాదాపు ఎనభై ఏళ్ళ వెనకటి అబద్ధపు రూపాయి కోసం గొంతు చించుకున్న ఇంట్లో, ఎదురుగా కాగితం మీద ఉన్న నిజం రూపాయలు లెక్కపెట్టడానికి ఒక్కరికీ తీరిక లేకపోయింది. సిగ్గు నీకుండదు, నువ్వు మనిషివి కావు. మాకుండాలి.

రెండు వేల నోటులో చిప్ ఉందన్న నీ తమ్ముడు ఆ నోటుతోపాటే బజారు నుంచి వెళ్ళిపోయాడు. మన జాతీయ గీతమే ప్రపంచంలో మేటి అని యునెస్కో ప్రకటించిందన్న నీ అక్క కూడా ఈ మధ్య కాస్త తగ్గింది. నువ్వే దిగవు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం. బాబాయి ఫోనులోనే మాట్లాడతారు. మేనకోడలు కొత్త కాగితం రాసింది, ఈసారి రెండు వైపులా నింపేసింది. ఖాళీ ఎక్కడా వదల్లేదు.

ఇట్లు,
వరంగల్ సభలో నీ చేతిలో ఓడినవాడు

తా.క.: ఈ ఉత్తరం ముగిస్తుండగా బాబాయి నుంచి కొత్త సందేశం వచ్చింది. ‘1917లో ఒక రూపాయికి 13 డాలర్లు.’ పౌనుకు 13 రూపాయలన్న లెక్క తలకిందులై నీకు ఈ అన్నగారు పుట్టి ఉంటాడని నా అనుమానం. ఆయనకు ఉత్తరం రాసే ఓపిక నాకు లేదు. నువ్వే చెప్పుకో.