డ్రమ్ములో ఏముందో చూసేదెవరు?

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగి పిల్లలు చనిపోయాక ఏం జరిగిందో అందరికీ తెలుసు. షాపుల్లో కోల్డ్‌రిఫ్ సీసాలు సీజ్ చేశారు, మందు రాసిన డాక్టరును అరెస్టు చేశారు, తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా హెచ్చరిక జారీ చేసింది. అవన్నీ అవసరమే. కానీ ఆ మందులో కలిసిన విషం, డైఇథిలీన్ గ్లైకాల్, షాపులో పుట్టింది కాదు. ముడిసరుకుగా, డ్రమ్ములో, ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వచ్చింది. ఆ గేటు దగ్గర కాపలా పెట్టనంత కాలం షాపుల మీద ఎన్ని దాడులు చేసినా పిల్లలు పోతూనే ఉంటారు.

సిరప్‌లో మందు కరగాలంటే ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటి ద్రవం కావాలి. డైఇథిలీన్ గ్లైకాల్ చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. రంగు ఉండదు, కాస్త చిక్కగా, తియ్యగా ఉంటుంది. పరిశ్రమల సరుకు కాబట్టి చవక కూడా. ఒంట్లోకి వెళ్తే కిడ్నీలను చంపేస్తుంది. సిరప్‌లో అది 0.1 శాతం మించకూడదు. కోల్డ్‌రిఫ్ బ్యాచ్‌లో తమిళనాడు ల్యాబ్‌కు దొరికింది 48.6 శాతం.

కొన్నేళ్ల క్రితం హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న మందుల యూనిట్‌లో స్టోర్స్ చూసే మిత్రుడి దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. డీసీఎం వ్యాన్ వచ్చి ఆగింది. నాలుగు నీలం డ్రమ్ములు, ఒక్కోటి 215 కిలోలు. లేబుళ్లు కొత్తవి, వాటి అంచుల్లో పాత లేబుల్ పీకేసిన జిగురు మరకలు ఇంకా ఉన్నాయి. మిత్రుడు సీఓఏ కాగితం (సరుకుతో పాటు అమ్మకందారు పంపే నాణ్యత సర్టిఫికెట్) చూశాడు, లాట్ నంబరు రిజిస్టర్‌లో ఎక్కించాడు, ఒక డ్రమ్ములోంచి మాత్రం శాంపిల్ తీయించాడు. మిగతా మూడూ అని అడిగితే, "అన్నీ ఒకే లాట్ కదన్నా" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. కాగితాన్ని నమ్మాడు, అంతే.

అలాంటి కాగితమే పనామాలో 2006లో వందమందికి పైగా ప్రాణాలు తీసింది. చైనా నుంచి బయల్దేరిన 46 పీపాలు మూడు ఖండాల్లో మూడు ట్రేడింగ్ కంపెనీల చేతులు మారాయి. లోపల 99.5 శాతం స్వచ్ఛమైన గ్లిజరిన్ (సిరప్‌లలో వాడే ఇంకో ద్రవం) ఉందని సర్టిఫికెట్ చెప్పింది, నిజానికి అందులో డైఇథిలీన్ గ్లైకాల్ ఉంది. దారిలో ఒక్కరూ మూత తీసి పరీక్షించలేదు. ఇండొనేషియాలో 2022లో రెండు వందల మందికి పైగా పిల్లలు పోయినప్పుడూ ఇదే కథ. అక్కడ ఒక ట్రేడర్ పేరున్న కంపెనీ లేబుల్ అంటించి వేరే సరుకు అమ్మాడు.

మన దగ్గర 2023 జనవరి నుంచి మందులోని అసలు రసాయనాల ప్యాకింగ్ మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. మంచి పనే. కానీ ఆ నిబంధన మందును కరిగించే ద్రవాలకు, అంటే సాల్వెంట్లకు వర్తించదు. జనాన్ని చంపుతున్నది మాత్రం ఈ సాల్వెంటే. ప్రతి బ్యాచ్ ముడిసరుకునూ పరీక్షించాలని నిబంధన ఎప్పటి నుంచో ఉంది. కంపెనీలు పాటించట్లేదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే 2025 అక్టోబరులో రాష్ట్రాలకు రాసింది. నా లెక్కలో బ్యాచ్‌కు ఒక పరీక్ష కూడా చాలదు. ప్రతి డ్రమ్మునూ పరీక్షించాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన కంపెనీలకు 2023లో ఇదే చెప్పింది.

చిన్న కంపెనీలు ఖర్చు భరించలేవని పరిశ్రమ అంటోంది. ఈ విషాన్ని కచ్చితంగా కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ మెషీన్ లక్షల్లో ఉంటుంది, నిజమే. అయితే నాలుగైదు యూనిట్లు కలిసి ఒక ల్యాబ్ పెట్టుకోవచ్చు. తొలి వడపోతకు పూత పూసిన పలక మీద చుక్క పెట్టి చేసే టీఎల్‌సీ పరీక్ష చాలు, అది చవక. ఒక్క డ్రమ్ము వేల సీసాల్లోకి వెళ్తుంది, ఆ ఖర్చు సీసాకు ఎంత పడుతుంది?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. ఆఫ్రికా దేశం గాంబియాలో మన దగ్గుమందు తాగి పిల్లలు పోయి ప్రపంచం నిలదీశాక, ఎగుమతి చేసే దగ్గుమందును ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్షించాకే పంపాలని 2023 జూన్ 1 నుంచి నిబంధన పెట్టారు. ఛింద్వాడా షాపుకి వెళ్లే సీసాకు ఆ పరీక్ష లేదు. ఓడ ఎక్కే సీసాకు ఒక న్యాయం, మన ఊరి షాపుకి వచ్చే సీసాకు ఇంకో న్యాయమా? 1986లో ముంబై జేజే ఆస్పత్రిలో 14 మంది రోగులు ఇదే విషం కలిసిన గ్లిజరిన్‌తో చనిపోయారు. జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణలో అవినీతి, నిర్లక్ష్యం అన్నీ బయటపడ్డాయి. 2020లో జమ్మూ దగ్గర రామ్‌నగర్‌లో మళ్లీ పసిపిల్లలు పోయారు. ప్రతిసారీ పేదవాళ్లే. వాళ్ల తరఫున నిలదీయడానికి ఏ విదేశీ ప్రభుత్వమూ రాదు.

తయారీ లైసెన్సు ఇచ్చేది, రద్దు చేసేది రాష్ట్రాలే. దేశానికి మందులు చేసి పెడుతున్నామని గర్వంగా చెప్పుకునే హైదరాబాద్ నుంచే ఇది మొదలు కావాలి. ఇన్‌స్పెక్టర్ యూనిట్‌కి వెళ్లినప్పుడు ఆఫీసు గదిలో ఫైళ్లు తిరగేసే ముందు నేరుగా స్టోర్స్‌కి నడవాలి. అక్కడున్న ప్రతి డ్రమ్ముకీ విడిగా రిపోర్టు చూపించమని అడగాలి. రిపోర్టు లేని డ్రమ్ముకి అక్కడే సీలు వేయాలి.