ఉబ్బిన బ్యాటరీకి సూది వైద్యం

‘పిచికారీ డ్రోన్ బ్యాటరీలకు అయిదు చిట్కాలు’ అన్న సందేశాన్ని ఈ వారంలో నాకు ఏడుగురు పంపారు. ఏడోవారు మా బావగారు. ఆయనకు ఫోనులో చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. మిగిలిన ఆరుగురికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు.

ఫ్రిజ్‌లో పెడితే ఆయుష్షు పెరుగుతుందట. బయటికి తీయగానే కనెక్టర్ మీద చెమ్మ చేరుతుంది. వద్దు.

దిగగానే చార్జింగుకు పెట్టాలట. చేతికి కాలుతున్నదాన్నా? నీడలో చల్లారనివ్వండి. అదనపు జతలు కొన్నది అందుకే.

చార్జి చివరి చుక్క దాకా ఎగరేస్తేనే లాభమట. బ్యాటరీ అంటే లోపల వరుసగా కలిపిన కొన్ని సెల్‌లు; సెల్ ఒక్కింటికి 3.5 వోల్టులకు రాగానే దించాలి. ట్యాంకులో ఇంకో రెండు లీటర్ల మందుందని లాగితే, వోల్టేజి మర్యాదగా మెల్లగా తగ్గదు. ఒక్కసారిగా పడిపోతుంది, దానితోపాటు డ్రోనూ మడిలో పడుతుంది.

ఇక నాలుగోది. ‘ఉబ్బితే భయపడకండి, సన్నని సూదితో పొడిచి గాలి తీసి టేపు అంటించండి, కొత్తదానిలా పనిచేస్తుంది.’ రాసినవారు లిథియం పాలిమర్ బ్యాటరీని సైకిల్ ట్యూబు అనుకున్నట్టున్నారు. లోపలున్నది మనం కొట్టిన గాలి కాదు. వేడెక్కో, అతిగా చార్జయ్యో, అతిగా ఖాళీ అయ్యో లోపలి ద్రావణం విచ్ఛిన్నమైతే పుట్టిన వాయువు అది, మండుతుంది కూడా. ధన, రుణ పొరల మధ్య ఉండేది వెంట్రుక కన్నా పలుచని ప్లాస్టిక్ పొర. సూది దాన్ని చీల్చితే సెల్ అంటుకుంటుంది, దాని వేడికి పక్కది, ఆ తర్వాత మిగిలినవి. ఆరు సెల్‌ల 22,000 మిల్లీ యాంపియర్ అవర్ బ్యాటరీలో దాదాపు 490 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. 160 దాటినదాన్ని ప్రయాణికుల వెంట విమానం ఎక్కనివ్వరు. మనం మాత్రం వరండాలో కూర్చుని పొడవాలి! మంట రాలేదే అనుకుందాం. కంతలోంచి చేరిన తేమ లోపలి లవణంతో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. టేపు ఏ రంగుదో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ఉబ్బినదాన్ని ఎగరేయకండి, చార్జి చేయకండి. ఆరుబయట ఇసుక బకెట్‌లో ఉంచి అమ్మినవారికి అప్పగించండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ బాధ్యత తయారీదారులదే.

అయిదోది: పని లేని నెలల్లో సగం చార్జితో దాచాలి. ఇది నిజం. సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. నేను మొదటి వేసవిలో నాలుగింటిని నిండుగా చార్జి చేసి రేకుల షెడ్డులో పెట్టాను. రెండు ఉబ్బాయి. ఫోనులో బావగారికి ఈ సంగతి చెప్పలేదు.