విద్యారుణం కాగితాలు అడిగితే కాలేజీలో జవాబు చెప్పేదెవరు?

కౌన్సెలింగ్‌లో ఇంజినీరింగ్ సీటు వచ్చిన మరుసటి రోజు నుంచే చాలా ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. బ్యాంకుకు వెళితే ‘కాలేజీ నుంచి బోనఫైడ్ (మీ పిల్లాడు అక్కడి విద్యార్థే అనే ధ్రువపత్రం), నాలుగేళ్ల ఫీజు వివరాల లెటర్ తెండి’ అంటారు. కాలేజీకి వెళితే ‘ముందు ఫీజు కట్టండి, బోనఫైడ్ తర్వాత చూద్దాం’ అంటారు. ఆ ఫీజు కట్టడానికే కదా అప్పు అడుగుతున్నది!

రుణం రాకపోతే మనం బ్యాంకు మేనేజర్ని తిట్టుకుంటాం. కొన్నిచోట్ల అది న్యాయమే. కానీ బ్యాంకులకు కనీసం రాసిపెట్టిన నిబంధనలున్నాయి. రూ.7.5 లక్షల వరకు రుణాలకు 2015 నుంచి కేంద్రం గ్యారంటీ నిధి ఉంది కాబట్టి తాకట్టు అక్కర్లేదు. ‘మీ ఊరు మా బ్రాంచి పరిధిలోకి రాదు’ అని దరఖాస్తు తిప్పి పంపకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. ఇవి తెలిసిన తండ్రి బ్యాంకులో గట్టిగా అడగగలడు. కాలేజీ ఆఫీసులో ఏ నిబంధన చూపించి అడగాలి? అక్కడ రుణాల సంగతి చూసే మనిషే ఉండడు. అకౌంట్స్ వాళ్లు ప్రిన్సిపాల్‌ని అడగమంటారు, ప్రిన్సిపాల్ గారి పీఏ మళ్లీ అకౌంట్స్‌కే పంపిస్తారు.

తీరా ఇచ్చే లెటర్ ఎలా ఉంటుందో చూడండి. మొదటి ఏడాది ట్యూషన్ ఫీజు ఒక్కటే రాసి, స్టాంపు వేసి ఇస్తారు. హాస్టల్, పరీక్ష ఫీజులు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ కూడా రుణంలో కలపొచ్చని బ్యాంకుల సంఘం నమూనా పథకంలోనే ఉంది. లెటర్‌లో లేని ఖర్చుకు మాత్రం బ్యాంకు సులువుగా డబ్బివ్వదు. దాంతో హాస్టల్ డబ్బు కోసం ఆ తండ్రి ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తాడు. అంటే ఏడాదికి 36 శాతం. ఒక్క వరస రాయకపోవడం వల్ల ఆ కుటుంబం మీద పడిన భారం ఇది.

తెలంగాణలో ఇంకో చిక్కుంది. పదివేల ర్యాంకు దాటిన బీసీ, ఈబీసీ విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం నుంచి వచ్చేది ఏడాదికి రూ.35 వేలు. ఫీజు లక్షా పాతిక వేలైతే మిగతా రూ.90 వేలు ఇంట్లో వాళ్లే కట్టాలి. మొత్తం ఫీజు ఎంత, ప్రభుత్వం ఇచ్చేది ఎంత, కట్టాల్సింది ఎంత అని కాలేజీ విడివిడిగా రాసిస్తేనే బ్యాంకు లెక్క తేలుతుంది. ప్రభుత్వం ఇవ్వాల్సిన ఆ బకాయిలు పేరుకుపోయి కాలేజీలు ఇబ్బంది పడుతున్న మాట నిజమే. అయితే ఆ లెటర్ రాయడానికి బకాయిలు అడ్డం కావు.

వడ్డీ సబ్సిడీ విషయంలో నష్టం ఇంకా పెద్దది. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.4.5 లక్షల లోపుంటే, వృత్తివిద్యా కోర్సులకు చదివే కాలం, ఆపై ఒక ఏడాది వడ్డీ కేంద్రమే భరిస్తుంది. దీనికి కాలేజీకి న్యాక్ గుర్తింపైనా, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపైనా ఉండాలి (రెండూ చదువుల నాణ్యతను తనిఖీ చేసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థలు). 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి అనే విద్యారుణ పథకం కింద ఆదాయం రూ.8 లక్షల వరకున్న వారికి వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది కానీ, అది ర్యాంకింగుల్లో ముందున్న సంస్థలకే; ఆమోదించినప్పుడు అవి దాదాపు 860. మా పిల్లాడి బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఈ ఏడాది అమల్లో ఉందా, గడువు తీరిందా? అడ్మిషన్ రోజున తల్లిదండ్రులు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఫ్లెక్సీ మీద ఉన్న మాట చాలదు, కాగితం మీద రాసివ్వమనండి.

అమెరికాలో ఫెడరల్ రుణాలు తీసుకునే విద్యార్థులున్న ప్రతి కాలేజీ ఈ సమాచారం చెప్పడానికి ఉద్యోగులను అందుబాటులో ఉంచాలని నిబంధన ఉంది. మనం అంత పెద్ద ఆఫీసు పెట్టనక్కర్లేదు. ఒక్క ఉద్యోగి, ఆయన పేరు, ఫోన్ నంబరు నోటీసు బోర్డు మీద ఉంటే చాలు. అడిగిన మూడు రోజుల్లో, ఫీజు కట్టకముందే, నాలుగేళ్ల ఖర్చు మొత్తం ఒకే లెటర్‌లో ఇవ్వాలి. రెండో ఏడాది నుంచి బ్యాంకు అడిగే మార్కుల మెమో, ఫీజు డిమాండ్ లెటర్ కూడా ఆయనే చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫీజులు ఖరారు చేసే కమిటీలు కాలేజీల జమాఖర్చులన్నీ తెప్పించుకుని చూస్తున్నాయి. ఫీజు పెంచమని వచ్చే ప్రతి కాలేజీకీ ముందుగా ఈ షరతు పెట్టాలి.