ఇంకర్‌ను గుర్తుపట్టే కళ్లు రాతిపనివాణ్ని ఎందుకు మరిచిపోతాయి?

నలుగురు కామిక్స్ అభిమానులు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా మార్వెల్ కామిక్స్ చిత్రకారుడు జాక్ కిర్బీ దగ్గరికి రాక తప్పదు. ఫలానా హీరో ఆలోచన రచయిత స్టాన్ లీదా, కిర్బీదా? ఈ పేజీలో పెన్సిల్ బొమ్మల మీద ఇంక్ వేసిన ఇంకర్ జో సినాటేనా? గీత చూసి చెప్పేస్తారు. బ్యాట్‌మన్ సృష్టిలో రచయిత బిల్ ఫింగర్ వాటాను ఆయన పోయిన 41 ఏళ్లకు, 2015లో గానీ అధికారికంగా ఒప్పుకోలేదని ఇప్పటికీ మండిపడతారు. న్యాయమైన కోపమే.

అదే మనుషులు పెరూలోని సక్సాయ్‌వామన్ అనే పాత రాతికోట గోడ ఫొటో చూడగానే ప్లేటు ఫిరాయిస్తారు. వంద టన్నులు దాటిన బండలు, మధ్యలో బ్లేడు కూడా దూరనంత బిగువు. ఇంకేం, "ఇది మనుషుల పని కాదు" అనేస్తారు.

ఇందులో కిర్బీ చెయ్యి కూడా కాస్త ఉంది. దేవుళ్లంటే గ్రహాంతరవాసులేనన్న ఎరిక్ ఫాన్ డానికెన్ పుస్తకం 1968లో వచ్చి దుమ్ము రేపింది. కిర్బీ 1976లో ది ఎటర్నల్స్ అనే కామిక్‌ను పెరూ వైపు ఆండీస్ పర్వతాల శిథిలాల్లోనే మొదలుపెట్టాడు. అందులోని సెలెస్టియల్స్ అనే అంతరిక్ష దేవుళ్లంటే నాకూ పిచ్చి ఇష్టం. కథను కథగా చదివినంత సేపూ ఏ గొడవా లేదు.

కానీ గోడ మీద కూడా గీతలున్నాయి. జాన్-పియర్ ప్రోట్జెన్ అనే ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ ఆ గోడలు కట్టిన ఇంకాల (స్పెయిన్‌వాళ్లు రాకముందు పెరూను ఏలినవాళ్ల) క్వారీల్లో తిరిగి, అక్కడ పడివున్న గుండ్రాళ్లే వాళ్ల సుత్తులని గుర్తించాడు. అంతటితో ఆగకుండా తనే అండెసైట్ అనే గట్టి అగ్నిపర్వత శిల దిమ్మెను కొట్టి చూశాడు. గుండును వదిలితే చాలు, బరువే పని చేస్తుంది, అదే ఎగిరి చేతికొస్తుంది. అంచుల దగ్గర మాత్రం చిన్న గుండు పట్టాలి, లేదంటే పెచ్చు ఊడుతుంది. ఇంకాల గోడల రాళ్ల మీదా సరిగ్గా అదే కనిపిస్తుంది: నడుమ పెద్ద గుంటలు, అంచుల్లో సన్నవి. ఇంకర్ లావు బ్రష్ పక్కన పెట్టి సన్న పెన్ను అందుకున్నట్టు.

పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ ద్వీపంలో ఉన్న భారీ రాతి విగ్రహాల సంగతీ ఇంతే. 2012లో వెలువడిన ఒక ప్రయోగంలో 18 మంది తాళ్లు కట్టి, నాలుగు టన్నులు దాటిన నమూనాను అటూ ఇటూ ఊపుతూ నడిపించారు.

అన్నీ తేలిపోయాయని కాదు. అంతేసి బండలను ఒకదానికొకటి ఎలా సరిచూసుకున్నారన్న దాని మీద వాదనలున్నాయి. అది "ఎలా" అన్న ప్రశ్న. "ఎవరు" అన్నది వేరే.

పెరూలోనే ఇంకాల మరో కట్టడం ఉన్న ఒల్లంతైతాంబోలో క్వారీకీ, కట్టడానికీ మధ్య దారిలోనే కొన్ని బండలు ఆగిపోయి ఉన్నాయి. వాటిని అక్కడ "అలసిన రాళ్లు" అంటారు. ఇంక్ పడని కిర్బీ పెన్సిల్ పేజీ దొరికితే గంటల తరబడి చూసేవాళ్లు, ఈ రాళ్ల ఫొటో దగ్గరా కాసేపు ఆగొచ్చు.