క్యాటరింగ్ ముందా, ఫాదర్ ముందా?

జ్ఞానస్నానాన్ని (బాప్తిస్మాన్ని) బారసాల ఫంక్షన్‌లా చేసేస్తున్నారని మీరు రాసింది ఒడిశాలోని మా బరంపురంలోనూ నిజమే. మా పాపకు నేనూ క్యాటరింగ్ మాట్లాడాకే ఫాదర్ గారి దగ్గరికి వెళ్లాను. బావమరిదిని జ్ఞానతండ్రిగా (గాడ్‌ఫాదర్‌గా) పెడతానంటే, "ఆయన చర్చిలో పూజకు వెళ్లి ఎన్నాళ్లయింది?" అన్నారు. నోట మాట రాలేదు. 1983 నాటి కథోలిక ధర్మశాస్త్రం ప్రకారం జ్ఞానతండ్రికి మామూలుగా 16 ఏళ్లు నిండాలి, భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే కన్ఫర్మేషన్ సంస్కారం) పొంది, విశ్వాసంలో నడిచేవాడై ఉండాలి. బంగారు గొలుసు పెట్టగలడా అని ఎక్కడా లేదు! బిడ్డను విశ్వాసంలో పెంచుతారన్న ఆశ బొత్తిగా లేకపోతే జ్ఞానస్నానం వాయిదా వేయాలనీ ఉంది. ఆ మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది. పాపకు బడిలో అంతా ఒడియానే. తెలుగులో పరలోక జపం (యేసు నేర్పిన ప్రార్థన) నేర్పాల్సింది ఇంట్లో మేమే. ఇప్పటికి సగం వచ్చింది.